యంత్రం సరే, ఇల్లేదీ?

సాయంత్రం ఏ ఊరి సెంటర్‌కెళ్లినా మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఒక చిన్న పెట్టె మాట్లాడుతూ ఉంటుంది. నలభై రూపాయలు వచ్చాయని ఒకసారి, అరవై వచ్చాయని ఇంకోసారి. బండివాడు తల తిప్పడు. ఒక చేతికంతా శనగపిండి, ఇంకో చేతిలో చిల్లుల గరిటె, ఎదురుగా కాగే నూనె. ఫోను తీసి మెసేజ్ చూసుకునే వీలెక్కడిది? ఆ పెట్టె లేనప్పుడు కొనేవాడు తన ఫోను తెర చూపించి వెళ్లిపోయేవాడు. అది ఇప్పటిదో, నిన్నటి స్క్రీన్‌షాటో తేల్చుకునే తీరిక ఎవరికుంది? పైగా డబ్బు పడే ఖాతా ఒకరిది, బండి దగ్గర నిలబడేది తమ్ముడో పనివాడో. ఇన్ని చిక్కులకు జవాబుగా వచ్చింది ఆ పెట్టె. దానికి సొంత సిమ్ కార్డు కూడా ఉంది. నోట్లు లేని ఇలాంటి కొనుగోళ్లను ఎప్పుడో ఊహించినవాడు ఒకడున్నాడు. అమెరికా రచయిత ఎడ్వర్డ్ బెల్లమీ 1888లో అచ్చయిన 'లుకింగ్ బ్యాక్‌వర్డ్' నవలలో 2000 సంవత్సరపు బోస్టన్‌ను ఊహించాడు. ఆ ఊళ్లో నోట్లు, నాణేలు చెల్లవు. ప్రతి మనిషి దగ్గరా ఒక అట్టముక్క ఉంటుంది, దాని పేరు క్రెడిట్ కార్డు. అసలు క్రెడిట్ కార్డు పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందటి మాట ఇది. అంత దూరం చూసినవాడికి పిండి అంటిన చెయ్యి మాత్రం కనిపించలేదు.

సైన్స్ ఫిక్షన్ గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు దాన్ని జాతకచక్రం చూసినట్టు చూస్తారు. ఫలానా రచయిత ఫలానా యంత్రాన్ని ముందే చెప్పాడట, ఎంత గొప్పవాడో అంటారు. నిజానికి యంత్రాన్ని ఊహించడం ఆ సాహిత్యంలో కాస్త తేలికైన పని. ఆ యంత్రం ఇంట్లోకొచ్చాక ఎవరు ఎవరి మీద విసుక్కుంటారు, ఎవరి కొలువు ఊడుతుంది, ఎవరి గుట్టు బయటపడుతుంది అన్నది ఊహించడమే కష్టం. కాలానికి తట్టుకుని నిలిచిన కథలు ఈ రెండో పని చేసినవే. ఆ లెక్కన, ఇంటి సంగతులు చెప్పడంలో చెయ్యి తిరిగిన తెలుగు కథ ఈ రంగంలో ముందు వరసలో కూర్చోవాలి. కూర్చోలేదు. మనకు సైన్స్ ఫిక్షన్ అంటే సినిమా, సినిమా అంటే గ్రాఫిక్స్ అన్నంతవరకే వచ్చి ఆగాం. ఆ రెండో పని ఎంత కష్టమో చూడండి. జేబులో పట్టే ఫోను గురించి ఊహించినవాళ్లు చాలామందే ఉన్నారు. మిస్డ్ కాల్‌ను ఊహించినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. మన దేశంలో 1995లో మొబైల్ సేవ మొదలైంది. ఎనిమిదేళ్లపాటు వచ్చే కాల్‌కి కూడా డబ్బు కట్టాం. మాటకి డబ్బయ్యేది, మోగడానికి అయ్యేది కాదు. అంతే, జనం మోగడాన్నే భాష చేసేశారు. ఒక్క రింగైతే ఇల్లు చేరానని, రెండైతే కిందికి రమ్మని. ఇంజనీర్లు ఎక్కడా రాసిపెట్టని వాడకం అది.

1968లో వచ్చిన స్టాన్లీ కుబ్రిక్ సినిమా '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'ని ఈ దృష్టితో మళ్లీ చూడండి. చంద్రుడి మీదికి వెళ్తూ దారిలో అంతరిక్ష కేంద్రంలో ఆగిన ఫ్లాయిడ్ అనే పెద్ద అధికారి ఒక బూత్‌లో కూర్చుని భూమ్మీద ఉన్న కూతురికి ఫోన్ చేస్తాడు. తెర మీద పిల్ల కనిపిస్తుంది. మాటలయ్యాక డాలరు డెబ్భై సెంట్లు అని బిల్లు వస్తుంది. వీడియో కాల్‌ను ముప్ఫై నలభై ఏళ్ల ముందే చూపించారని ఈ సన్నివేశాన్ని పొగడనివాళ్లు లేరు. దాని చుట్టూ ఉన్నవి గమనించారా? ఫ్లాయిడ్ ఎక్కి వచ్చిన అంతరిక్ష నౌక పాన్ ఆమ్ విమాన కంపెనీది. ఆ కంపెనీ 1991లోనే మూతపడింది. ఫోన్ బూత్ మీద ఉన్నది బెల్ టెలిఫోన్ వ్యవస్థ గుర్తు. ఆ వ్యవస్థను 1984లో ముక్కలు చేశారు. కేంద్రంలో ఫ్లాయిడ్‌ను కూపీ లాగే సోవియట్ శాస్త్రవేత్తల దేశం కూడా 1991లోనే పోయింది. నౌకలో భోజనం ట్రేలు అందించేది మాత్రం ఆడపిల్లలే, 1968లో విమానాల్లో అందించినట్టే. చంద్రుణ్ని అంత నిక్కచ్చిగా చూపించిన సినిమా పక్కనున్న ఆఫీసు మారుతుందని అనుకోలేదు. అయితే ఆ సన్నివేశంలోనే ఒక బంగారం లాంటి మాటుంది. పుట్టినరోజుకి ఏం కావాలని తండ్రి అడిగితే, కూతురు టెలిఫోన్ కావాలంటుంది. ఇంట్లో బోలెడున్నాయి కదమ్మా, ఇంకేదైనా అడుగు అంటాడు తండ్రి. ఆ సినిమా చెప్పిన అసలు జోస్యం అదేనని నా నమ్మకం. ఇంటినిండా ఫోన్లున్నా నాకంటూ ఒకటి కావాలని పేచీ పెట్టే పిల్ల, ఇవాళ ప్రతి ఇంట్లోనూ ఉంది.

యంత్రం ఉన్నంతమాత్రాన దానికి చోటు దొరకదు. బెల్ కంపెనీ బొమ్మ కనిపించే ఫోన్‌ను 1964లోనే న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో సేవ మొదలుపెట్టింది. నెలకి 160 డాలర్లు. పట్టుమని కొన్నేళ్లు కూడా నడవలేదు. ధర ఒక కారణం. ఇంకో కారణం, పక్క వీధి ఆఫీసులో ఉన్నవాడి మొహం చూస్తూ మాట్లాడాలన్న తహతహ ఎవరికీ లేకపోవడం. అదే యంత్రం తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్న నాయనమ్మ చేతికి వచ్చేసరికి ఇంటి మనిషైపోయింది. ఎందుకంటే మనవడు డాలస్‌లో ఉన్నాడు, వాడికి ఉగ్గు పెట్టే వేళకి ఈవిడకి రాత్రవుతుంది. తెరకి ముద్దు పెడుతుంది, వాడు అవతల కెమెరాను నోట్లో పెట్టుకుంటాడు. వీడియో కాల్‌ను నిలబెట్టింది ఎడబాటు. ఈ ఎడబాటును 1909లోనే పట్టుకున్న కథ ఒకటుంది, ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన 'ది మెషీన్ స్టాప్స్'. ఆయన శాస్త్రవేత్త కాదు. ఇళ్ల గురించి, మనుషుల మర్యాదల గురించి నవలలు రాసుకునేవాడు. తరవాత మన దేశానికొచ్చి 'ఎ పాసేజ్ టు ఇండియా' రాసిన మనిషే. ఆ కథలో ఎవరి గదిలో వాళ్లుంటారు, పలకల మీద బొమ్మలతో మాట్లాడుకుంటారు, ఉపన్యాసాలు వింటారు. భూగోళానికి అవతలి కొసన ఉన్న కొడుకు తల్లికి ఫోన్ చేస్తాడు. ఆవిడ అయిదు నిమిషాలు మాత్రమే ఇవ్వగలనంటుంది. యంత్రంలోంచి కాదు, నువ్వే రావాలి, నిన్ను చూడాలి అంటాడు వాడు. ఆవిడకి చిరాకు. ఆనాటికి టీవీ లేదు, కంప్యూటర్ లేదు. తల్లీకొడుకుల మధ్య విసుగు ఉంది. ఫార్‌స్టర్ దాన్నుంచి మొదలుపెట్టాడు, తెర దానంతటదే వచ్చింది.

ఈ వాదానికి ఎదురు చెప్పేవాళ్లు ఆర్థర్ సి. క్లార్క్‌ను చూపిస్తారు. 1945లోనే భూస్థిర ఉపగ్రహాలతో ప్రపంచమంతా ప్రసారాలు చేయొచ్చని రాసినవాడు ఆయన. సైన్స్ ఫిక్షన్ ముందుచూపు కాకపోతే ఇదేమిటి అంటారు. సబబైన ప్రశ్నే. అయితే క్లార్క్ దాన్ని కథగా రాయలేదు, 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో సాంకేతిక వ్యాసంగా రాశాడు. అందులో కూడా ఆయన ఊహించినవి మనుషులుండే కేంద్రాలు. వాల్వులు కాలిపోతే మార్చడానికి ఎవరో ఒకరుండాలి కదా మరి. రెండేళ్లకే ట్రాన్సిస్టర్ వచ్చి ఆ ఉద్యోగాన్ని పుట్టకముందే తీసేసింది. ఇక ఉపగ్రహం మన ఊళ్లకొచ్చాక ఏం జరిగిందో చూద్దాం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు చూపించింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు అన్నది సంకల్పం. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే ఆకాశమార్గాన తెలుగు ప్రైవేటు చానళ్లు దిగాయి, వాటితో డైలీ సీరియళ్లు దిగాయి. వంట ఎన్నింటికి పొయ్యి మీద పెట్టాలో, మగవాళ్లకి అన్నం ఎప్పుడు వడ్డించాలో, వచ్చిన చుట్టాన్ని ఎంతసేపు పలకరించాలో అన్నీ సీరియల్ వేళల్ని బట్టి సర్దుకున్నాయి. కక్ష్య ఎత్తును లెక్కకట్టిన క్లార్క్ దీన్ని చెప్పలేకపోయాడని ఆయన్ని తప్పుపట్టను. ఇది చెప్పగలిగినవాళ్లు మన దగ్గర ఉండేవాళ్లు. వాళ్లని ఎవరూ అడగలేదు.

ఇంకో అభ్యంతరం ఉంది. బరువైనది. సైన్స్ పుట్టిన చోటే సైన్స్ ఫిక్షన్ పుడుతుంది, మనం యంత్రాలు దిగుమతి చేసుకునేవాళ్లం, ఊహలు కూడా దిగుమతి కాక తప్పదు అంటారు. రోబో అన్న మాట ఎక్కడిదో చూస్తే ఈ వాదం నిలవదు. అది అమెరికాది కాదు, జపాన్‌ది కాదు. చెక్ భాషలో కారెల్ చాపెక్ 1920లో అచ్చువేసిన 'ఆర్.యు.ఆర్.' నాటకంలోది. ఆ మాట సూచించింది అతని అన్న జోసెఫ్. చెక్ మాట్లాడేవాళ్లు సుమారు కోటిమంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. చాపెక్‌కు ఆ మాట యంత్రశాలలో దొరకలేదు. చెక్‌లో 'రొబోత' అంటే జమీందారు పొలంలో కూలి లేకుండా చేయాల్సిన చాకిరీ. హాబ్స్‌బర్గ్ రాజ్యంలో 1848లో రద్దయ్యేదాకా రైతుల వీపుల మీద ఉన్న బరువు. అంటే అచ్చంగా మన వెట్టి. నాటకంలోని రోబోలు ఇనుప బొమ్మలు కూడా కావు, రక్తమాంసాల్లాంటి పదార్థంతో కలిపి పోసిన కూలీలు, చివరికి తిరగబడతారు. ఇదే మాటని మనం తెలుగులో మరమనిషి అన్నాం. మర మిగిలింది, వెట్టి ఎగిరిపోయింది. దొర గడీలో కుండ నీళ్లు మోసిన ముసలివాళ్ల జ్ఞాపకం ఇంకా చల్లారని నేల తెలంగాణ. చాపెక్ ఆలోచన ఆ నేల మీద నిలబడి చదివితే సగం వివరణ అక్కర్లేదు. 'రోబో'కి 'వెట్టివాడు' అని పేరు పెట్టి ఉంటే మన కథలు ఎటు నడిచేవో అనిపిస్తుంది.

అసలు మనకి చేతకాకపోవడం ఏమిటి, 1957లోనే చేసి చూపించాం. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టెను చూసి అది ఆ కాలపు లాప్‌టాప్ అని జోకు వేయడం అలవాటైపోయింది. మూత తెరిస్తే తెర ఉంటుంది కనక పోలిక కుదిరింది. కె.వి.రెడ్డి, పింగళి నాగేంద్రరావు చేసిన పని అంతకన్నా లోతైనది. ఆ పెట్టె తెరిచినవాళ్లకి దూరదేశాలు కనిపించవు, మనసులో ఎవరున్నారో, ఏముందో అదే కనిపిస్తుంది. అదీ ఇంటిల్లిపాదీ చుట్టూ ఉండగా. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకి అభిమన్యుడు. కృష్ణుడికి శకుని కనిపిస్తాడు. అక్కడితో కథలో రాబోయే తగాదా అంతా తేటతెల్లం. సిగ్గు ఒకరిది, మురిపెం ఒకరిది, ఆలోచన ఒకరిది. మన ఫోను ఇవాళ చేస్తున్న పని ఇదే కదా? ఎవరు తెరిస్తే వాళ్లకి నచ్చేదే పైన చూపిస్తుంది. పక్కవాడు మన చేతిలోంచి ఫోను తీసుకుని చూస్తే మన గుట్టంతా ఆ వరసలో దొరికిపోతుంది. పొరపాటున ఫోను భార్య చేతికో కొడుకు చేతికో వెళ్తే గుండె ఎందుకు గుభేలుమంటుందో ప్రియదర్శిని సన్నివేశం చూస్తే అర్థమవుతుంది. అదే సినిమాలో సత్యపీఠం కూడా ఉంది. ఎక్కినవాడు నిజమే చెప్తాడు. దాన్ని యుద్ధరంగంలో పెట్టలేదు, పెళ్లివారింట్లో పెట్టి శకుని చేత నిజం కక్కించారు. పురాణమైతేనేం, పరికరాన్ని ఎక్కడ పెట్టాలో వాళ్లకి తెలుసు.

ఆ తెలివి తరవాత సినిమాల్లో అక్కడక్కడా మెరుస్తుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'లో కాలయంత్రం వెనక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి, ముందుకి 2504కి వెళ్తుంది. రాయల ఆస్థానం జనం మనసులో నిలిచినంతగా 2504 నిలవలేదు. అక్కడ తెనాలి రామకృష్ణుడున్నాడు, నర్తకి ఉంది, రాజుగారి అలకలున్నాయి. భవిష్యత్తులో ఉన్నవి తలుపులు, దీపాలు, దుస్తులు. ఆ కాలయంత్రంలోకి మాత్రం ఒక పోలీసు కానిస్టేబుల్‌ని ఎక్కించడం సింగీతం గారి గొప్ప ఆలోచన. శంకర్ తమిళంలో తీయగా 2010లో తెలుగులోకి కూడా వచ్చిన 'రోబో'లో చివరి అరగంట గోలలో వందల చిట్టి రోబోలు బంతిగా, పాముగా మారతాయి. చూసి బయటికొచ్చాక గుర్తుండేది వేరే. నిప్పంటుకున్న ఇంట్లోంచి చిట్టి ఒక అమ్మాయిని కాపాడి ఎత్తుకొస్తాడు. ఆమె స్నానం చేస్తూ ఉండింది. ఒంటి మీద బట్టల్లేవు, చుట్టూ జనం, కెమెరాలు. ఆమె పరిగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. ప్రాణం కాపాడటం తెలిసిన యంత్రానికి సిగ్గంటే ఏమిటో తెలియదు. ఆ ఒక్క సన్నివేశానికి ఆ గ్రాఫిక్సంతా దిగదుడుపే. ఆ సినిమా మాటల్లో తమిళ రచయిత సుజాత చెయ్యి ఉంది. ఆయన ఇంజనీరు, ఇంటి కథలు రాసినవాడు కూడా. నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' (2024) విషయంలోనూ నాదదే మాట. ఎండిన గంగ, తలకిందులుగా వేలాడే కాంప్లెక్స్, అశ్వత్థామ పోరాటాలు కళ్లు చెదిరేలా ఉన్నాయి. నాకు మాత్రం, ఎనిమిది వందల డెబ్భై ఏళ్ల తరవాత కూడా అద్దె ఎగ్గొడుతున్న భైరవ, వాడి వెంటపడే ఇంటి ఓనరుగా బ్రహ్మానందం నచ్చారు. అద్దె బాకీ ఉన్న భవిష్యత్తును నమ్మడం తేలిక.

అద్భుతం కోసం థియేటర్‌కి వెళ్తే అక్కడా ఇంటి గోలేనా అని విసుక్కునేవాళ్లున్నారు. వాళ్లకి కోపం రావడంలో తప్పు లేదు. వందల కోట్లు పెట్టి తీసే సినిమా నాయనమ్మ ఫోను చుట్టూ తిరిగితే డబ్బు ఎలా తిరిగొస్తుంది? రాదు. అందుకే ఈ పని సినిమా నెత్తిన పెట్టమనను. కాగితం మీద కాలయంత్రానికి ఖర్చు లేదు. అద్భుతానికీ ఇంటికీ పడదన్న మాట మాత్రం ఒప్పుకోను. ఘటోత్కచుడు పెళ్లివారి వంటశాలలో కూర్చుని విందంతా ఊడ్చేయడం కన్నా పెద్ద అద్భుతం తెలుగు తెర మీద ఏముంది? గారెలు, లడ్లు అక్కడ లేకపోతే ఆ రాక్షసుడు ఎంత పెద్దవాడో తెలిసేది కాదు. కొలత కావాలంటే పక్కన తెలిసిన వస్తువు ఉండాలి.

రాసినవాళ్లు మనలో లేరని కాదు. విశ్వనాథ సత్యనారాయణ గుర్రపు తల గంధర్వుణ్ని తీసుకెళ్లి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడేశారు. కొడవటిగంటి కుటుంబరావు 'గ్రహశకలం' రాశారు. యండమూరి 'చీకట్లో సూర్యుడు'ని వేలమంది చదివారు. అవన్నీ కలిసి ఒక పాయగా మారి పారలేదు, అంతే. వారపత్రికలు తగ్గాయి. ఉన్న ఆదివారం అనుబంధాలు కథ అంటే కుటుంబ బంధాలు, వలస, వృద్ధాశ్రమం అని గీత గీసుకున్నాయి. చిత్రమేమిటంటే ఆ గీత లోపలే కావలసినంత సైన్స్ ఫిక్షన్ ఉంది. కొద్దిపాటి రికార్డింగ్ ఇస్తే చాలు, మనిషి గొంతును అచ్చు గుద్దినట్టు పలికించే ప్రోగ్రాములు వచ్చేశాయి. ఇలా ఒక కథ అనుకోండి. ఒక ఇంట్లో తండ్రి పోయాడు. కొడుకు న్యూజెర్సీ నుంచి ఆయన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లన్నీ పోగేసి, ఆ గొంతుతో మాట్లాడే యాప్ ఒకటి తల్లి ఫోన్‌లో పెట్టాడు. ఆవిడ రోజూ మాట్లాడుతుంది. మందు వేసుకున్నావా అని అడుగుతుంది ఆ గొంతు. ఏడాది తిరిగి సంవత్సరీకం వచ్చింది. పెరట్లో కాకికి పిండం పెట్టారు, లోపల ఫోను చార్జింగ్‌లో ఉంది. పురోహితుడు గోత్రం, పేరు అడుగుతుంటే లోపలి నుంచి ఆ పేరుగల మనిషి ఎవరొచ్చారే అని కేకేశాడు. కూతురు ఆ ఫోను ఆపేయమంటుంది, తల్లి ఆపనివ్వదు. చందా డబ్బు కార్డు నుంచి నెలనెలా కట్ అవుతోంది. అది ఆగితే ఆయన రెండోసారి పోయినట్టా? ఈ కథ రాయడానికి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అక్కర్లేదు. తద్దినం ఎలా పెడతారో తెలిసుండాలి, విధవరాలి మొండితనం తెలిసుండాలి. అవి తెలిసిన కథకులు మన రెండు రాష్ట్రాల్లో వందల్లో ఉన్నారు. ఎక్కడో కాలిఫోర్నియాలో కూర్చున్న రచయితకి ఆ కాకి తట్టదు.

సైన్స్ తెలియకుండా రాస్తే తప్పులు దొర్లవా అని అడగొచ్చు. దొర్లుతాయి. బెల్లమీవీ దొర్లాయి, క్లార్క్‌వీ దొర్లాయి, చెప్పుకున్నాం. గొంతు ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో తప్పు రాస్తే అడిగి దిద్దుకోవచ్చు, హైదరాబాద్‌లో రాయి విసిరితే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకే తగులుతుంది. సంవత్సరీకం నాడు తల్లీకూతుళ్లు ఏమనుకుంటారో తప్పు రాస్తే దిద్దేవాళ్లు దొరకరు. కాబట్టి పత్రికల సంపాదకులకు ఒక విన్నపం. ఉగాదికో సంక్రాంతికో ప్రకటించే కథల పోటీల్లో ఈసారి ఒక వాక్యం చేర్చండి: ఇంకా రాని యంత్రం ఒకటి, మనకు తెలిసిన ఇల్లు ఒకటి ఉన్న కథలు కూడా పంపవచ్చని. విడిగా బహుమతి పెట్టనక్కర్లేదు, మామూలు కథకిచ్చే పారితోషికమే చాలు.